నియంత్రిత సమూహం

సార్థక భేదం ఉన్నది. సార్థక భేదం ఉన్నది. సార్థక భేదం ఉన్నది. ఏ ఊళ్లో చేసినా అదే మాట, ఎవరు రాసినా అదే మాట. ఆటలతో చెప్పినా, పాటలతో చెప్పినా, ట్యాబులిచ్చి చెప్పినా, పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి వాళ్ళకి వాళ్ళనే చెప్పుకోమన్నా చివరికి తేలేది ఆ ముక్కే, కొత్త పద్ధతికీ పాత పద్ధతికీ మధ్య సార్థక భేదం ఉన్నది, కాబట్టి కొత్తది మంచిది, కాబట్టి ఈ పరిశోధకుడికి డాక్టరేటు ఇవ్వవచ్చును. మహిమ సమావేశం గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఫైలుంది, ఫైల్లో తను రాసిన సమీక్ష ఉంది, తెరవకుండానే అందులోని పేజీలన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి. మధ్యాహ్నం గాలి మిర్చి యార్డు వైపు నుంచి మళ్ళినప్పుడల్లా మిరపకాయ ఘాటు వరండాలోకి దూరి గొంతులో గరగర పెడుతోంది. గుంటూరులో ఈ నెలల్లో అది మామూలే, ఊళ్ళోవాళ్ళెవరూ పట్టించుకోరు. తలుపులు బిగించి ఏసీ వేసుకున్నా లోపల అమరావతి నుంచి వచ్చిన అధికారి మాత్రం తుమ్ముతూనే ఉన్నాడు. తుమ్మనీ అనుకుంది మహిమ. ఈ జిల్లా గురించి ఆయనకు కలిగే మొదటి నిజమైన అనుభవం అదే కాబోలు.

చలికాలమంతా ఆమె చేసింది ఈ పనే. జిల్లాలో చిన్న తరగతులన్నిటికీ కొత్త బోధన కిట్టొకటి పెట్టాలని పైవాళ్ళు అనుకున్నారు. పెట్టేముందు ఇలాంటి వినూత్న పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ సమీక్షించి ఫలితం ఉందో లేదో తేల్చమన్నారు. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో డెప్యుటేషన్ మీద ఉన్నదీ, డాక్టరేటు ఉన్నదీ, తప్పించుకోవడానికి చెప్పుకోదగ్గ సాకు లేనిదీ మహిమే కాబట్టి పని ఆమె మెడకు చుట్టారు. చదివింది. అన్నం తింటూ చదివింది, బస్సులో చదివింది, ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని కూడా చదివింది. ఒకాయన కొత్త పద్ధతిలో పాఠం తనే చెప్పుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రోజూ చాక్లెట్లు పంచి, ఆ తర్వాత పిల్లల్లో ఉత్సాహం పెరిగినట్టు గమనించాడు. పెరగదా మరి, చాక్లెట్టుకి పెరగని ఉత్సాహం ఎక్కడుంది. ఇంకొకావిడ ఆనందాన్ని కొలిచింది, నవ్వే బొమ్మల్లో ఒకదానికి టిక్కు పెట్టమంటే పిల్లలు అందరికన్నా పెద్దగా నవ్వే బొమ్మకి పెట్టారు, ఆవిడ దాన్ని పట్టిక చేసింది. మరొకాయన వేరేవాడి థీసిస్ మొత్తం దించుకుని ధన్యవాదాల పేజీలో ఆ వేరేవాడి భార్య పేరు మార్చడం మర్చిపోయాడు, ఎవరో పరాయి ఇల్లాలి ఓర్పుకి కన్నీళ్ళతో కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఒక్కడూ, ఒక్కడంటే ఒక్కడు, ఏడాది తర్వాత ఆ బడికి మళ్ళీ వెళ్ళి ఒరేయ్ పిల్లలూ అదింకా గుర్తుందా అని అడిగిన పాపాన పోలేదు. ఎందుకు వెళ్తాడు, పట్టా వచ్చేసింది కదా. తన థీసిస్ ఎవరైనా ఈ కట్టలో కలిపి ఉంటే తనే దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి ఉండేది, ఆ సంగతి మహిమకు తెలుసు, కాకపోతే దాని మీద ఎవరూ కిట్లు తయారుచేసి అమ్మలేదు.

కోటేశ్వరి రెండు టీ కప్పులతో వచ్చి పక్కన కూర్చుంది. శిక్షణ సంస్థలో తెలుగు బోధన చెప్తుంది, మంచి మనిషి, మంచితనం ఒక్కోసారి ఎంత చిరాకు పుట్టిస్తుందో ఆమె పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ముందు ఎండల గురించి, తర్వాత కొత్తగా కడుతున్న ఇంటికి తలుపులు ఇంకా రాలేదన్న సంగతి మాట్లాడి, ఆఖర్న అసలు విషయానికొచ్చింది.

"సంతకం పెట్టెయ్ మహిమా. నువ్వు వద్దని రాసినా ఆగేదేం లేదు. కిట్లు అప్పుడే గోడౌన్‌లోకి వచ్చేశాయంట."

మహిమ టీ తాగింది. వచ్చేశాయంట. సరే. ఫలితం ఉందో లేదో తేల్చమని అడిగినవాళ్ళు తేల్చకముందే అట్టపెట్టెలు దించుకున్నారు. అయితే తనను పిలిచిందెందుకు, పెళ్ళి అయిపోయాక జాతకాలు కలిశాయని రాసివ్వడానికా. కోటేశ్వరి అంతటితో ఆగలేదు. వీరాంజనేయులు గారు పెద్దాయన, నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పారట, గుంటూరులోనే పర్మనెంటుగా ఉండిపోవచ్చు, మళ్ళీ ఆ దర్శి అవతల బస్సు దొరకని ఊళ్ళకి పోయి ఏం చేస్తావు అంది. ఆ ఊళ్ళు అంది. కోటేశ్వరి అటువైపు వెళ్ళింది ఒక్కసారే, ఎవరి పెళ్ళికో, కారులో. బిర్యానీలో మసాలా చాలలేదని ఇప్పటికీ చెప్తుంది.

వీరాంజనేయులు గారు. కిట్టు తయారుచేసింది ఆయనే, ఇప్పుడు లోపల అధికారి పక్కన కూర్చున్నదీ ఆయనే. ఆ కిట్టు కింద పునాదిరాయిలా పెట్టుకున్న పరిశోధన కూడా ఆయనదే, చాలా ఏళ్ళ కిందటిది, ఏ వ్యాసం తెరిచినా వెనక పేజీల్లో దాని ప్రస్తావన ఉంటుంది. పేరు మహిమ ముందునుంచీ ఎరుగును, చదవడం మాత్రం ఈ చలికాలంలోనే. డిసెంబరులో ఒక సాయంత్రం, అద్దెగదిలో మంచం మీద కాళ్ళు ముడుచుకుని చదువుతుంటే, 'దర్శి ప్రాంతంలో పత్తి, మిరప పండించే ఒక గ్రామంలోని పాఠశాల' అన్న చోట కళ్ళు ఆగాయి. ఒకే గదిలో రెండు తరగతులు, ఎక్కువమంది వ్యవసాయ కూలీల పిల్లలు. ఆ గది తూర్పు కిటికీకి రెక్క లేదని ఆయన రాయలేదు గానీ మహిమకు కనపడింది. నియంత్రిత సమూహంగా ఈ పాఠశాల మూడో తరగతిని తీసుకోవడమైనది. నియంత్రిత సమూహమంటే కొత్త పద్ధతి అందని పిల్లలన్న మాట, అందినవాళ్ళు ఎంత ఎదిగారో కొలిచి చూపించడానికి పక్కన నిలబెట్టే పొట్టివాళ్ళు. ఆ తర్వాతి వాక్యం ఆమె చాలాసేపు చూసింది. 'ఉపాధ్యాయురాలికి ఆధునిక బోధన పట్ల అవగాహన పరిమితం, సాంప్రదాయ పద్ధతిలోనే బోధించినది.' ఆ ఉపాధ్యాయురాలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

ఆయన వచ్చిన రోజు గుర్తుంది. కారు మట్టిరోడ్డు మీద బడి దాకా రాలేక పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఆగిపోతే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. అప్పుడాయన జుట్టు నల్లగా ఉండేది, మాట ఇప్పటిలాగే మెత్తగా ఉండేది. కొత్త పద్ధతికి ఎంచుకున్న రోడ్డు పక్క ఊరి బడికి రంగురంగుల చెక్కముక్కలూ, బొమ్మల కార్డులూ, గోడలకి పెయింటూ ఇచ్చొచ్చారు. ఇక్కడ గుమ్మంలో నిలబడి నల్లబల్ల చూశారు, నేలమీద కూర్చున్న పిల్లల్ని చూశారు, తర్వాత మహిమను చూశారు, వాయిలు చీర, నూనె పెట్టి బిగించిన జడ, పల్లె నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన కూలివాళ్ళ పిల్ల. చూడ్డం అయిపోయింది. మీరేమీ కష్టపడక్కర్లేదమ్మా, ఎప్పుడూ ఎలా చెప్తున్నారో అలాగే చెప్పండి అన్నారు. నేనెప్పుడూ ఎలా చెప్తానో మీకేం తెలుసు అన్న మాట నోటిదాకా వచ్చింది, ఆ వయసులో నోటిదాకా వచ్చినవన్నీ మింగడమే అలవాటు. ఆయన కూర్చోలేదు. ఒక్క పాఠం వినలేదు. హెడ్మాస్టరు పిచ్చయ్య గారు తెప్పించిన కొబ్బరిబోండం మాత్రం తాగి, బాగుందని చెప్పి వెళ్ళారు.

ఇక ఆయన ఇంకో మాట వాడారు ఆ వ్యాసంలో, శాంపిల్ మోర్టాలిటీ. మొదటి పరీక్ష రాసి చివరి పరీక్షకి రాని పిల్లల్ని అలా అంటారట, చచ్చిపోయిన లెక్క. చివరి పరీక్ష ఆయన ఫిబ్రవరిలో పెట్టారు. ఫిబ్రవరిలో ఆ ఊళ్ళో బడి ఎక్కడుంటుందో ఎవరినడిగినా చెప్పేవాళ్ళు, మిరప చేలో ఉంటుంది. తల్లులతో పాటు పిల్లలూ కోతకి పోతారు, బడిలో పిల్లలకన్నా గచ్చు నేలే ఎక్కువ కనపడుతుంది. బుడాన్ కూతురు జుబేదా కూడా చచ్చిపోయిన లెక్కలోనే పడింది. పరీక్షయిన వారానికి బడికొచ్చింది, టీచర్ నా పేపరేదీ అని అడిగింది. అయిపోయిందే అంటే, నాకెందుకు మిగల్చలేదు అని నిలదీసింది. మహిమ పేపరిచ్చి కూర్చోబెడితే వేళ్ళు మండుతుంటే గౌను అంచులో పెన్సిల్ పొదిగి పట్టుకుని రాసింది. ఆ మంట ఎలాంటిదో మహిమకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ రెబ్కా కోత నుంచి వస్తే ఆ నెలలన్నీ పిల్లల్ని ముట్టుకునేది కాదు, మోచేత్తో నిమిరేది. అన్నం గరిటెతో కలిపేది. రాత్రిళ్ళు చేతులు మజ్జిగ గిన్నెలో ముంచుకుని ప్రార్థన చెప్పించేది, ఆమెన్ అన్నాక కూడా చేతులు బయటికి తీసేది కాదు. మోర్టాలిటీ అట. జుబేదా ఇప్పుడు నరసరావుపేటలో ఫార్మసీ చదువుతోంది, మొన్న పండక్కి ఫోన్ చేసి గలగలా మాట్లాడింది. శవాలు మాట్లాడినట్టు లేదు.

ఘాటు మళ్ళీ వచ్చింది. మహిమ ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకుంది. కోటేశ్వరి ఫోనులో తలుపుల కొలతలు ఎవరికో చెప్తోంది. లోపల కుర్చీలు జరిగిన చప్పుడు, నవ్వులు. ఏం నవ్వుకుంటారో. పిల్లలు తప్పితే అన్నీ ఉన్నాయి ఆ గదిలో, ప్రొజెక్టరు ఉంది, బిస్కట్లున్నాయి, పిల్లల గురించి ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి. నిజానికి మహిమకు ఒళ్ళు మండించింది అవగాహన పరిమితం అన్న మాట కాదు. దాన్ని ఆమె మర్నాటికి పళ్ళు తోముకుంటూ ఉమ్మేయగలిగింది. మండించింది దాని కింద ఉన్న పట్టిక. జవాబు పత్రాలు ఆ రోజుల్లో ఎవరి క్లాసువి ఆ టీచర్లే దిద్దారు, మార్కులు వేసి కట్ట కట్టి పంపమన్నారు. మూడో తరగతిలో ఆ రోజు వచ్చినవాళ్ళు ఎలా రాశారో మహిమ మర్చిపోలేదు, మర్చిపోయేటట్టు రాయలేదు వాళ్ళు. పిచ్చయ్య గారు నమ్మక పేపర్లు లాక్కుని తిరిగి దిద్ది, ఏమే అమ్మా, అందరూ ఒకళ్ళ దాంట్లో ఒకళ్ళు చూసి రాశారా అని అనుమానపడి, దూరదూరంగా కూర్చోబెట్టి నోటి లెక్కలడిగి, చివరికి తన జేబులోంచి డబ్బులు తీసి బెల్లం జీళ్ళు తెప్పించారు. అచ్చులో ఉన్నవి ఆ పిల్లల మార్కులు కావు. అచ్చులో ఉన్నది ఒక మందకొడి తరగతి, ఎక్కడా లేని తరగతి, రోడ్డు పక్క బడి పక్కన నిలబెట్టి అది ఎంత పొడుగో చూపించడానికి కావలసినంత పొట్టి తరగతి. ముప్పై ఏళ్ళో నలభై ఏళ్ళో చదువు చెప్పిన మనిషి, పిల్లలకి మార్కులు కలిపినవాళ్ళని చూశాం గానీ, బాగా రాసిన కూలోళ్ళ పిల్లలకి మార్కులు కోసినవాణ్ణి ఎక్కడ చూశాం. తిట్టడానికి సరైన మాట కోసం డిసెంబరు నుంచీ వెతుకుతోంది మహిమ, తనకొచ్చిన బూతులన్నీ పెద్ద పెద్ద పాపాలకి సంబంధించినవి, ఇంత చిన్న పాపానికి అందులో మాట లేదు.

తలుపు తెరిచి పిలిచారు.

లోపల చల్లగా ఉంది. అధికారి కుర్రవాడే, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకునే నమస్కారం చేశాడు. వీరాంజనేయులు గారు మా మహిమ అని పరిచయం చేశారు. ఎవరి మహిమ అనుకుంది ఆమె. నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. ఈ పరిశోధనల్లో చాలావాటిలో కొత్త పద్ధతి చెప్పింది ఆ పద్ధతిని కనిపెట్టినవాళ్ళేననీ, పాత పద్ధతి అంటే ఏమిటో ఒక్కరూ వెళ్ళి చూడలేదనీ, ఏడాది తర్వాత ఏం మిగిలిందో ఎవరికీ తెలియదనీ, కాబట్టి వీటిని పట్టుకుని మంచిదనీ చెప్పలేం చెడ్డదనీ చెప్పలేం అనీ చెప్పింది. అధికారి తలూపుతూ రాసుకున్నాడు. వీరాంజనేయులు గారు కూడా తలూపారు, మంచి విద్యార్థిని చెప్తుంటే విన్నట్టు. అప్పుడు మహిమ ఆయన వ్యాసం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో నియంత్రిత సమూహం నా క్లాసండి. ఆ పేపర్లు దిద్దింది నేను. ఇక్కడ అచ్చు వేసిన మార్కులు మా పిల్లలవి కావు."

అధికారి ఆ పేపర్లు మీ దగ్గరున్నాయా అని అడిగాడు. లేవంది. పాత కాగితాల వాడికి పోయి ఉంటాయంది. వీరాంజనేయులు గారు కోపగించుకోలేదు, కాదని కూడా అనలేదు, చాలా ఏళ్ళయింది కదా, టైపింగులో ఎక్కడో తారుమారై ఉండొచ్చు, ఆ రోజుల్లో ఇన్ని సౌకర్యాలెక్కడివి అన్నారు. సౌకర్యం బాగానే కుదిరింది అనుకుంది మహిమ. అధికారి గడియారం చూసుకున్నాడు. విలువైన పరిశీలన అన్నాడు, దీన్ని పరిమితులు అన్న శీర్షిక కింద ఒక పేరాలో చేర్చుదాం అన్నాడు, కిట్టు మాత్రం జూన్ నుంచి అమల్లోకి వస్తుంది అన్నాడు. అలాగైతే సమీక్ష మీద తన పేరు తీసెయ్యమంది మహిమ. దానికి వాళ్ళు ఎంత తొందరగా ఒప్పుకున్నారంటే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసో ఏమో, క్షేత్రస్థాయి అనుభవం ఇంత ఉన్నవాళ్ళు క్షేత్రంలో ఉండటమే న్యాయమని అధికారి అన్నాడు. డెప్యుటేషన్ అయిపోయిందని అర్థమైంది. జూన్‌లో ఎక్కడికో, బస్సు దొరకని ఊరికి. బయటకొస్తుంటే కోటేశ్వరి మొహం చూసి ఏం జరిగిందో అడగకుండానే అయ్యో మహిమా అంది, అని, ఇంతకీ టిఫిన్ తిన్నావా అని అడిగింది.

మెట్ల మలుపు దగ్గర వెనక నుంచి పిలుపు వినపడింది. వీరాంజనేయులు గారు ఒక్కరే వచ్చారు, కొద్దిగా ఆయాసపడుతున్నారు. తగాదాకి వచ్చారనుకుంది, దానికి కావలసినన్ని మాటలు ఆమె దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటీ వాడాల్సిన అవసరం రాలేదు. ఆయన గోడకానుకుని, నిజంగానే అంత బాగా రాశారా మీ పిల్లలు అని అడిగారు. రాశారండి అంది. ఎలా చెప్పావమ్మా అన్నారు. అప్పుడు గుమ్మంలో నిలబడి అడగాల్సిన ప్రశ్న, నెత్తి నెరిశాక మెట్ల మీద అడుగుతున్నారు. ఎందుకండీ ఇప్పుడు అంది మహిమ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మనవరాలు మూడో తరగతి చదువుతోందట, ఇక్కడే, పెద్ద స్కూల్లో. తీసివేతలు రావడం లేదట. ఏడుస్తోందట.

"ఆ స్కూల్లో మా కిట్టే వాడుతున్నారు" అన్నారు, మెల్లగా.

మహిమకు జాలి కలగలేదు. జాలి కలగాల్సిన చోటు అదేనని తెలుస్తూనే ఉంది, అయినా కలగలేదు, కలిగింది వేరే, లెక్క తప్పిన చోటు చూడాలన్న పాత దురద. "పదమూడులోంచి ఎనిమిది తీసెయ్యమంటే ఆ పాప ఎంతంటుందండీ?" అని అడిగింది. ఆయన తెల్లబోయారు. తప్పు చెప్తుందమ్మా అన్నారు. తప్పని తెలుసండి, ఏం తప్పు అంది. ఆయనకు తెలియదు. పిల్ల ఏడుస్తోందని తెలుసు, ఎన్ని మార్కులొచ్చాయో తెలుసు, ఏం రాసిందో తెలియదు. అడగండి అంది. ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, ఫోన్ తీసి ఇంటికి చేశారు, బడి వదిలారేమో పాపే ఎత్తింది. లెక్క అడిగారు. పలక మీదో దేనిమీదో వేసుకోవడానికి కాసేపు పట్టింది.

"పదిహేనంట," అన్నారు, నవ్వబోతూ.

"నవ్వకండి. తప్పని కూడా చెప్పకండి. ఎలా వచ్చిందో చెప్పమనండి."

ఆయన అడిగారు. ఫోన్లోంచి సన్నటి గొంతు మొదలైంది, మొదట తడబడుతూ, ఎవరూ అడ్డు రాకపోయేసరికి ధైర్యంగా. మూడులోంచి ఎనిమిది పోదు కదా తాతయ్యా, అందుకని ఎనిమిదిలోంచి మూడు తీశాను, ఐదు, పక్కన ఒకటి ఉంది, దాని కింద ఏమీ లేదు, అందుకని దాన్ని అలాగే దించాను. మహిమకు మాటమాటా వినపడింది. వీరాంజనేయులు గారు కదలకుండా విన్నారు, కనుబొమ్మలు పైకి లేచాయి, చాలా ఏళ్ళ తర్వాత ఎవరో ఆయనకేదో కొత్త సంగతి చెప్పినట్టు. "సబబుగానే చెప్తోందమ్మా," అన్నారు ఆశ్చర్యంగా.

సబబుగానే చెప్తుందండి, అందరూ చెప్తారు, అడిగితే. ఆ అన్నదాని దగ్గర్నుంచే మొదలుపెట్టాలి అంది మహిమ. ఒక్క క్షణం ఆ మెట్ల మీద ఇద్దరు టీచర్లు నిలబడి ఉన్నట్టే ఉంది. అంతలో ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి దించారు. ఇంకో చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళి పెన్ను తీసింది. కళ్ళల్లోకి వెలుగొచ్చింది, ఆ వెలుగు మహిమ ఎరుగును, చలికాలమంతా పేజీ పేజీలో చూసింది దాన్ని.

"ఈ పద్ధతికి ఏమన్నా పేరుందామ్మా?"

దించిన ఫోన్లోంచి తాతయ్యా, తాతయ్యా, విన్నావా, కరెక్టేనా అని సన్నగా వినపడుతోంది. మహిమ చెప్పుల్లో కాళ్ళు సర్దుకుని మెట్లు దిగసాగింది.

"పాప ఇంకా లైన్లోనే ఉందండీ," అంది, వెనక్కి తిరక్కుండా.